యూరిక్ యాసిడ్ పెరిగితే రక్తనాళాలు బిరుసెక్కుతాయా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నేను ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. వయసు 61. పన్నెండేళ్ళుగా బీపీకి టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర రోజూ ఉదయం వేసుకుంటున్నాను. గత నెల మా ఊళ్ళో జరిగిన వైద్య శిబిరంలో బీపీ 162/78 ఉంది. యూరిక్ యాసిడ్ 8.1, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1 వచ్చాయి. చేతులకూ కాళ్ళకూ పట్టీలు చుట్టి మరో పరీక్ష కూడా చేసి, కాగితం మీద 1,640 అని రాసి ఇచ్చారు. ఈ పరీక్షలో హద్దు 10 అని, నా రక్తనాళాలు బిరుసెక్కిపోయాయని చెప్పారు. దీనికి యూరిక్ యాసిడే కారణమని, దాన్ని తగ్గించే అల్లోప్యూరినాల్ మాత్ర జీవితాంతం వాడాలని ఒకరంటున్నారు. బీపీ మాత్రే యూరిక్ యాసిడ్‌ను పెంచుతోంది కనుక ముందు దాన్ని ఆపేయమని మరొకరు అంటున్నారు. మా ఇంట్లో అప్పటి నుంచి పప్పు వండటం మానేశారు. నాకు కీళ్ళ నొప్పులు ఎన్నడూ లేవు. నన్నేం చేయమంటారు?
— ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: ఈ ఉత్తరం చదువుతూనే బీపీ మాత్ర ఆపేశారేమోనని నాకు ఆందోళన కలిగింది. ఆపి ఉంటే ఈరోజే మళ్ళీ మొదలుపెట్టి, వారంలోగా మీ డాక్టరును కలవండి. మీ కాగితాల్లో ఉన్న అంకెలన్నింటిలోనూ మీకు ఎక్కువ హాని చేయగలిగినది 8.1 కాదు, 1,640 కూడా కాదు, 162.

ముందుగా ఆ 1,640 సంగతి చూద్దాం, ఎందుకంటే మిమ్మల్ని భయపెట్టింది అదే. గుండె కొట్టుకున్న ప్రతిసారీ రక్తంతో పాటు ఒక అల కూడా ధమనుల గోడల వెంట పరుగెత్తుతుంది. గోడ సాగే గుణం కలిగి ఉంటే అల నెమ్మదిగా వెళుతుంది, గోడ బిరుసుగా ఉంటే వేగంగా వెళుతుంది. అల సెకనుకు ఎన్ని మీటర్లు వెళ్ళిందో కొలిస్తే గోడ ఎంత బిరుసుగా ఉందో తెలుస్తుంది. దీన్ని కొలవడానికి రెండు పద్ధతులున్నాయి. మెడ దగ్గరి ధమనికీ తొడ మూలంలోని ధమనికీ మధ్య కొలిచే పద్ధతిలో సెకనుకు 10 మీటర్లు దాటితే ఎక్కువ అంటారు. చేతికీ చీలమండకూ పట్టీలు చుట్టి కొలిచే పద్ధతిలో అల చిన్న ధమనుల గుండా కూడా వెళుతుంది గనుక అంకె సహజంగానే పెద్దది వస్తుంది. అక్కడ 14 లోపు మామూలు, 14 నుంచి 18 వరకు మధ్యస్థం, 18 దాటితే ఎక్కువ అని లెక్క పెట్టుకుంటారు. మీకు చేసినది ఈ రెండో పద్ధతి. 1,640 అన్నది సెంటీమీటర్లలో రాసిన అంకె, అంటే 16.4 మీటర్లు. ఒక పద్ధతి ఫలితాన్ని మరో పద్ధతి హద్దుతో పోల్చి మీకు చెప్పారు. పైగా ఆ క్షణంలో బీపీ ఎక్కువగా ఉంటే గోడ బిగుసుకుని అల వేగం కూడా పెరుగుతుంది. 162 ఉన్నప్పుడు తీసిన కొలత, బీపీ 130కి దిగాక తీస్తే అంతే ఉండదు.

అలాగని మీ ధమనులు లేతగా ఉన్నాయని నేను అనడం లేదు. ఆ యంత్రం లేకుండానే మీ బీపీ అంకెలు ఆ మాట చెబుతున్నాయి. 162లోంచి 78 తీసేస్తే 84. పై అంకెకూ కింది అంకెకూ మధ్య ఉండే ఈ తేడా సాధారణంగా 40 దగ్గర ఉంటుంది. అరవై ఏళ్ళ వయసులో 60 దాటిందంటే పెద్ద ధమని గట్టిపడిందనడానికి అది గుర్తు. గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని వయసులో ఉన్నప్పుడు కొత్త సైకిలు ట్యూబులా ఉంటుంది. గుండె రక్తాన్ని తోసినప్పుడు ఉబ్బి కొంత రక్తాన్ని తనలో దాచుకుంటుంది, గుండె విశ్రాంతి తీసుకునే సమయంలో మెల్లగా కుంచించుకుని ఆ రక్తాన్ని ముందుకు పంపుతుంది. అందుకే రెండు దెబ్బల మధ్య కూడా ప్రవాహం ఆగదు. వయసు మీదపడి, ఏళ్ళ తరబడి బీపీ తాకిడి తగిలితే గోడలోని సాగే పోగులు తెగి, వాటి స్థానంలో సాగని పోగులు పేరుకుంటాయి. అప్పుడు పై అంకె పెరుగుతుంది, కింది అంకె తగ్గుతుంది, ప్రతి దెబ్బ తాకిడీ మెత్తబడకుండా నేరుగా మెదడులోని, మూత్రపిండాల్లోని సన్నని నాళాల దాకా పోతుంది. గుండెకు కూడా భారం పెరుగుతుంది.

ఇందులో యూరిక్ యాసిడ్ పాత్ర ఎంత? మన శరీర కణాల్లోనూ, తిండిలోనూ ఉండే ప్యూరిన్లు అనే పదార్థాలు విరిగినప్పుడు చివరికి మిగిలేది యూరిక్ యాసిడ్. చాలా జంతువులు దాన్ని ఇంకా విరగ్గొట్టగలవు. ఆ పని చేసే ఎంజైము మనుషుల్లో లేదు. కాబట్టి దాదాపు మూడింట రెండు వంతులు మూత్రపిండాల ద్వారా, మిగతాది పేగుల ద్వారా బయటికి పోవలసిందే. ఇది తయారయ్యేటప్పుడు రక్తనాళాల లోపలి పొరకు చెరుపు చేసే ఆక్సిజన్ అణువులు కూడా పుడతాయి. నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడు తగ్గుతుందని, బీపీని పెంచే హార్మోన్లు చురుకవుతాయని, ధమని గోడలోని కండర కణాలు పెరుగుతాయని ప్రయోగశాలలో, ఎలుకల్లో చూశారు. బీపీ ఉన్న రోగుల్లో యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉన్నవారికి ధమనుల బిరుసు కూడా ఎక్కువగా ఉందని చెప్పిన పరిశీలనలు చాలా ఉన్నాయి. ఇంతవరకు వింటే మీకు అల్లోప్యూరినాల్ చెప్పినవారి మాట సబబుగానే తోస్తుంది.

అయితే వయసు, బరువు, మూత్రపిండాల పనితీరు, వాడుతున్న మాత్రలు లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం చాలా పరిశీలనల్లో పలచబడింది, కొన్నింటిలో మాయమైంది. మూత్రపిండం కొంచెం మందగించినా యూరిక్ యాసిడ్ పెరుగుతుంది, బీపీ కూడా పెరుగుతుంది. పొట్ట పెరిగినా రెండూ పెరుగుతాయి. కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదాన్ని పుట్టించిందని చెప్పలేం. దీన్ని తేల్చడానికి మాత్ర ఇచ్చి చూడటమే నమ్మదగిన మార్గం. 2008లో అమెరికాలో కొత్తగా బీపీ బయటపడిన 30 మంది కౌమార వయస్కులకు నాలుగు వారాలు అల్లోప్యూరినాల్ ఇస్తే, 20 మందికి బీపీ మామూలు స్థాయికి వచ్చింది. ఆ ఫలితం చూసి ఎందరో ఆశపడ్డారు, నేనూ పడ్డాను. 2021లో 18 నుంచి 40 ఏళ్ళ వారిమీద చేసిన పరీక్షలో నాళాల లోపలి పొర పనితీరు కొంత మెరుగైంది కానీ బీపీ తగ్గలేదు. 2022లో బ్రిటనులో గుండె జబ్బు ఉండి గౌటు (యూరిక్ యాసిడ్ కీళ్ళలో పేరుకుని వచ్చే వాపు జబ్బు) లేని, 60 ఏళ్ళు దాటిన 5,900 మందికి పైగా రోగుల మీద జరిగిన పెద్ద పరీక్షలో, అల్లోప్యూరినాల్ వాడినవారికీ వాడనివారికీ గుండెపోటులో గానీ పక్షవాతంలో గానీ మరణంలో గానీ తేడా కనబడలేదు. మీ వయసువారికి దగ్గరగా ఉన్నది ఈ చివరి పరీక్షే.

అందుచేత కీలు వాపు గానీ, మూత్రంలో రాళ్ళు గానీ లేని మీకు కేవలం 8.1 అనే అంకె చూసి అల్లోప్యూరినాల్ వేసుకోమని నేను చెప్పను. అది గౌటు ఉన్నవారికి చాలా మేలు చేసే మందు. కానీ అరుదుగా కొందరిలో ఒళ్ళంతా దద్దురులు, నోటిలో పుళ్ళు, జ్వరంతో ప్రాణం మీదికి తెచ్చే చర్య కలిగిస్తుంది. అవసరం ఉన్నవారికి ఆ అపాయాన్ని ఓర్చుకోమని చెప్పగలం. అవసరం లేనివారికి ఎలా చెబుతాం?

మీ మాత్ర గురించి రెండో మిత్రుడు చెప్పిన దానిలో సగం నిజముంది. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటి మూత్రం ఎక్కువగా తెప్పించే మందులు యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. కానీ ఆ కుటుంబానికి చెందిన క్లోర్‌థాలిడోన్‌తోనే, పై అంకె మాత్రమే పెరిగిన 4,736 మంది పెద్దవయసు వారికి వైద్యం చేసి, పక్షవాతాలు 36 శాతం తగ్గాయని 1991లో నిరూపించారు. మీకు ఇప్పుడు కావలసినది మాత్ర ఆపడం కాదు, మార్చడం. మీ డాక్టరుతో మాట్లాడితే హైడ్రోక్లోరోథయాజైడ్ స్థానంలో ఆమ్లోడిపిన్ ఇవ్వవచ్చు, టెల్మిసార్టాన్ మోతాదు పెంచవచ్చు. టెల్మిసార్టాన్ తరగతి మందుల్లో లోసార్టాన్‌కు మూత్రంలో యూరిక్ యాసిడ్‌ను కొంత ఎక్కువగా పోనిచ్చే గుణం కూడా ఉంది. మీ వయసుకు, క్రియాటినిన్‌కు మూత్రపిండాల వడపోత నిమిషానికి సుమారు 76 మిల్లీలీటర్లు వస్తుంది, కాబట్టి ఈ మార్పులకు అడ్డేమీ కనబడదు. గుండె కోసం చిన్న మోతాదు ఆస్పిరిన్ వాడుతుంటే అది కూడా యూరిక్ యాసిడ్‌ను కొంచెం పెంచుతుంది, కానీ ఆ కారణంతో దాన్ని మానవద్దు.

ఇక పప్పు. దయచేసి రేపటి నుంచే మళ్ళీ వండించుకోండి. అమెరికాలో 47,000 మందికి పైగా పురుషులను 12 ఏళ్ళపాటు గమనించి 2004లో ప్రకటించిన పరిశీలనలో మాంసం, చేపలు ఎక్కువ తినేవారికి గౌటు ఎక్కువగా వచ్చింది కానీ, ప్యూరిన్లున్న పప్పులు, కూరగాయలు తిన్నందువల్ల పెరగలేదు; పాలు, పాల పదార్థాలు తీసుకునేవారికి తగ్గింది కూడా. కందిపప్పు, పాలకూర, ఉలవచారు మానేసి, ఆ చోటును ఊరగాయతో నింపుకునే ఇళ్ళు నేను చాలా చూశాను. ధమనిని గట్టిపరిచేది ఆ ఊరగాయలోని ఉప్పు.

ప్రశ్న: నా వయసు 57. బీపీ 150/64 ఉంటోంది, యూరిక్ యాసిడ్ 6.3. ఒకసారి బిరుసెక్కిన రక్తనాళం మళ్ళీ మెత్తబడుతుందా? ఆ అల వేగం పరీక్ష విశాఖపట్నం వెళ్ళి చేయించుకోమంటారా?
— ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: పరీక్ష కోసం అంతదూరం వెళ్ళనక్కరలేదమ్మా. మీ రెండు అంకెల మధ్య తేడా 86. ఆ పరీక్ష కొత్తగా చెప్పేదీ, దానివల్ల మీ వైద్యంలో మారేదీ పెద్దగా ఏమీ ఉండదు. ఆ ఖర్చుతో చేతికి పట్టీ చుట్టుకునే మంచి బీపీ యంత్రం కొనుక్కుని, ఉదయం కాఫీకి, మాత్రలకు ముందు, రాత్రి పడుకునే ముందు అయిదు నిమిషాలు కూర్చుని రెండేసి సార్లు చూసి ఒక వారం రాసిపెట్టండి. ఇంట్లో చూసుకున్నప్పుడు సగటు 135/85 లోపు ఉండాలి.

బహిష్టులు ఆగిపోయేవరకు ఈస్ట్రోజెన్ హార్మోను ఆడవారిలో యూరిక్ యాసిడ్‌ను మూత్రంలోకి పంపుతుంది, ధమనులను కూడా కొంత కాపాడుతుంది. అది తగ్గాక రెండూ కొద్ది ఏళ్ళలోనే మారతాయి. 6.3 మీ వయసులో హద్దుకు కాస్త పైన ఉంది, అంతే.

మెత్తబడటం గురించి: తెగిపోయిన సాగే పోగులను శరీరం మళ్ళీ అల్లుకోలేదు, వాటిని చిన్నతనంలోనే సిద్ధం చేసుకుంటుంది. కానీ బిరుసు అంతా తెగిన పోగుల వల్లే రాదు. గోడలోని కండరం బిగుసుకోవడం వల్ల, ఎక్కువ బీపీ లోపలినుంచి లాగిపట్టడం వల్ల వచ్చిన భాగం తగ్గుతుంది. ఉప్పు తగ్గించినవారిలో, క్రమం తప్పక నడిచినవారిలో అల వేగం కొంత తగ్గడం పరీక్షల్లో చూశారు. ఉప్పు అంటే ఇంటిల్లిపాదికీ వాడే డబ్బాలోనిదే కాదు, ఆవకాయ, అప్పడాలు, వడియాలు అన్నీ కలిపి ఒక్కొక్కరికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాడు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ విషయంలో ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కింది అంకె ఇప్పటికే 64 ఉంది. గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది గుండె విశ్రాంతి తీసుకునేటప్పుడే కాబట్టి, పై అంకెను ఒక్కసారిగా కాక నెలల మీద మెల్లగా దించాలి. మాత్ర పెంచిన రోజుల్లో మంచం మీంచి లేవగానే కళ్ళు తిరుగుతున్నాయేమో గమనించి, నిలబడి కూడా బీపీ చూసుకుని డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: మా ఆయన వయసు 48. కొబ్బరి తోటల్లో పని. బీపీకి మాత్ర వాడుతున్నారు, అయినా 170 ఉంటోంది. యూరిక్ యాసిడ్ 8.9 ఉంది కాబట్టి ఒళ్ళు నొప్పులు, మోకాళ్ళ నొప్పులు దానివల్లేనని చెప్పి మా ఊరి వైద్యుడు వారానికి రెండుసార్లు నొప్పి సూది చేస్తున్నారు, ఇంటికి మాత్రలు కూడా ఇస్తున్నారు. క్రియాటినిన్ 1.9 అని ఈ మధ్యే తెలిసింది. యూరిక్ యాసిడ్ తగ్గిస్తే కిడ్నీ బాగుపడుతుందా?
— ఒక పాఠకురాలు, సోంపేట మండలం

జవాబు: అమ్మా, ఆ నొప్పి సూదులూ మాత్రలూ వెంటనే ఆపించండి. ఈ సంచికలో నేను రాసినదంతా ఎవరూ చదవకపోయినా ఈ ఒక్క మాట మీ ఇంటికి చేరితే చాలనుకుంటున్నాను.

48 ఏళ్ళ మనిషికి క్రియాటినిన్ 1.9 అంటే మూత్రపిండాల వడపోత సుమారు 43, సగానికన్నా తక్కువ. యూరిక్ యాసిడ్‌లో ఎక్కువ భాగం బయటికి పోవలసినది ఆ దారినే గనుక అది 8.9కి చేరింది. ఒళ్ళు నొప్పులన్నీ దాని పుణ్యమే అనుకోవడం పొరపాటు. యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే నొప్పి ఒక కీలులో, తరచుగా కాలి బొటనవేలు మొదట్లో, రాత్రికి రాత్రి ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంతగా వచ్చి, వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. ఎండలో తోట పని చేసిన ఒళ్ళు నొప్పి అది కాదు.

డైక్లోఫెనాక్, ఆసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులు మూత్రపిండాలకు రక్తం అందించే నాళాన్ని కుంచింపజేస్తాయి, ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలిపేస్తాయి, బీపీ మాత్ర పనిని దెబ్బతీస్తాయి. మీ ఆయనకు మాత్ర వేసుకున్నా 170 ఉండటానికి ఈ సూదులు ఒక కారణం కావచ్చు. టెల్మిసార్టాన్ వంటి మాత్ర, మూత్రం తెప్పించే మాత్ర, నొప్పి మందు — ఈ మూడూ ఒకే మనిషి ఒంట్లో కలిస్తే, అందులోనూ చెమటతో నీరు పోయిన రోజున, మూత్రపిండం కొద్ది రోజుల్లోనే దెబ్బతినవచ్చు. మూత్రపిండం దెబ్బతిన్నకొద్దీ బీపీ పెరుగుతుంది, ధమని గట్టిపడుతుంది. గట్టిపడిన ధమనిలోంచి వచ్చే తాకిడి మిగిలిన మూత్రపిండాన్ని దెబ్బతీస్తుంది. ఆ వలయంలో యూరిక్ యాసిడ్ అంకె చాలావరకు పొగలాంటిది. మనం ఆర్పవలసిన మంట వేరే చోట ఉంది.

ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో షుగరు, బీపీ లేకుండానే మూత్రపిండాలు పాడవడం దశాబ్దాలుగా చూస్తున్నాం. దాని మూలకారణం మీద పరిశోధకులు ఇంకా ఒక మాట మీదికి రాలేదు. అలాంటి చోట, తెలిసి తెలిసి మూత్రపిండానికి హాని చేసే మందును సంతలో బెల్లంలా పంచడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. నొప్పికి ప్రస్తుతానికి పారాసిటమాల్ వాడుకోవచ్చు, అది కూడా డాక్టరు చెప్పిన మోతాదులోనే.

మీ ప్రశ్నకు సూటిగా జవాబు: యూరిక్ యాసిడ్ తగ్గించినందువల్ల మూత్రపిండం బాగుపడదు. మూత్రపిండాల జబ్బు ముదురుతున్న 363 మందిలో సగం మందికి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో అల్లోప్యూరినాల్, మిగతా సగానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి రెండేళ్ళు చూసి 2020లో ఫలితం ప్రకటించారు, క్షీణత ఆగలేదు. నిజమైన గౌటు ఉందని తేలితే మాత్రం ఆ మందు చిన్న మోతాదుతో మొదలుపెట్టి ఇస్తారు. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి మీ ఆయనను ఈ వారంలోనే తీసుకువెళ్ళండి. ఇప్పటిదాకా వాడిన ప్రతి మాత్ర రేకునూ, సూది సీసా ఖాళీదైనా సరే, వెంట పట్టుకెళ్ళండి. మూత్రంలో ప్రొటీను పోతోందేమో చూడమని అడగండి. నీళ్ళు ఎంత తాగాలో అక్కడి వైద్యులు కాళ్ళ వాపు, మూత్రం చూసి చెబుతారు. మండుటెండ తగలకుండా తోట పని మాత్రం ఉదయం పదిలోపు, సాయంత్రం నాలుగు దాటాక పెట్టుకోవాలి.

ప్రశ్న: మాది సముద్రం ఒడ్డు ఊరు. ఎండు మెత్తళ్ళు, ఎండు రొయ్యలు లేనిదే మాకు ముద్ద దిగదు. వేసవిలో తాటికల్లు కూడా అలవాటు. నాకు బీపీ ఉంది, యూరిక్ యాసిడ్ 7.6. అన్నీ మానేయాలా?
— ఒక పాఠకుడు, భోగాపురం మండలం

జవాబు: ఎండు చేపలో రెండు చిక్కులున్నాయి. మెత్తళ్ళు, కవళ్ళు వంటి చిన్న చేపల్లో ప్యూరిన్లు ఎక్కువ, ఎండితే అవి ఇంకా చిక్కబడతాయి. దానికన్నా మీ బీపీకి పెద్ద చిక్కు వాటికి పట్టించిన ఉప్పు. వారానికి ఒకసారికి తగ్గించండి. వండే ముందు వేడినీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు రెండుసార్లు పారబోస్తే ఉప్పు చాలా, ప్యూరిన్లు కొంత పోతాయి. కూరలో మళ్ళీ ఉప్పు వేయకండి. పచ్చి చేప వారానికి రెండుసార్లు, వేపుడు కాక పులుసుగా తినండి. మేక కార్జం, మూత్రపిండాలు మానేయండి.

మద్యం ఏదైనా మూత్రంలో యూరిక్ యాసిడ్ పోకుండా అడ్డుపడుతుంది, బీపీని కూడా పెంచుతుంది. బీరు వీటన్నింటిలో ఎక్కువ చెరుపు చేస్తుంది. పులిసిన కల్లులో మద్యంతో పాటు ప్యూరిన్లున్న ఈస్టు కూడా ఉంటుంది. కల్లు మానేసి, దాని బదులు సీసా కూల్‌డ్రింకులకు మాత్రం మారకండి. వాటిలోని చక్కెర కాలేయంలో విరిగేటప్పుడు యూరిక్ యాసిడ్ పుడుతుంది. రోజుకు రెండు, అంతకుమించి తాగే పురుషులకు, దాదాపు తాగనివారికన్నా గౌటు వచ్చే అవకాశం 85 శాతం ఎక్కువని 2008లో ప్రకటించిన పరిశీలన చెప్పింది. వేసవిలో పలచని మజ్జిగ, ఉప్పు వేయని చోడి అంబలి తాగండి.

ఈ మార్పులన్నీ కలిపి చేసినా యూరిక్ యాసిడ్ ఒక అంకె మేరకు తగ్గితే ఎక్కువే. దాన్ని చూసి నిరుత్సాహపడి మళ్ళీ మొదటికి రాకండి, ఎందుకంటే మీ బీపీ మాత్రం అంతకన్నా స్పష్టంగా తగ్గుతుంది. మూడు నెలల తర్వాత బీపీ, బరువు, క్రియాటినిన్, యూరిక్ యాసిడ్ నాలుగూ ఒకే రోజు చూపించుకుని, మొదటి కాగితం పక్కన పెట్టి చూడమని మీ డాక్టరును అడగండి.